తోట వాకిట్లో ఆగిన అడుగు

ఫిజియోథెరపీ చదువు ముగించి కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు ఆదివారం పూట అప్పుడప్పుడు కర్నూల్లో మా ఇంటికి వస్తుంటారు. టీ తాగుతూ ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, "మేడం, మీ సర్వీసులో మీరు గొప్పగా చెప్పుకునే కేసు ఏది?" అని. లారీ కింద పడి కాలు నుజ్జయినవాడి గురించో, పక్షవాతం వచ్చి మళ్ళీ సైకిలెక్కినవాడి గురించో చెబుతాననుకుంటారు. అలాంటివీ ఉన్నాయి. నేను చెప్పేది మాత్రం బనగానపల్లె దగ్గరి ఒక మామిడి తోటాయన గురించి. ఆయన జబ్బు నయం కాలేదు. నయమయ్యే జబ్బు కాదది. అయినా అదే చెబుతాను. మా ఇంటిదాకా రాలేని పిల్లల కోసం ఇప్పుడు రాస్తున్నాను.

అప్పటికి నేను కర్నూల్లోనే ఒక పెద్దాసుపత్రి ఫిజియోథెరపీ విభాగంలో అందరికంటే సీనియర్ని. విభాగమంటే ఒక పొడుగాటి గది. గోడకు భుజం తిప్పే చక్రం, కిటికీ పక్కన కదలని సైకిలు, మధ్యలో పట్టుకుని నడిచే కమ్మీలు. కీళ్ళ నొప్పులకు మైనం కరిగించే పెట్టె ఒకటి ఎప్పుడో పాడైపోతే దానిమీద టిఫిన్ డబ్బాలు పెట్టుకునేవాళ్ళం. నాతోపాటు పనిచేసేవాళ్ళలో ఇద్దరి గురించి చెప్పాలి. ఒకరు, కొత్తగా చేరిన జూనియర్ అమ్మాయి. కడప పిల్ల. తెలియని విషయం కనబడితే తెలుసుకునేదాకా నిద్రపోదు. రెండోవాడు మా అటెండరు. ఆరడుగుల మనిషి, మెత్తని మనసు. ఎంత బరువున్న పేషెంటునైనా పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తి మంచం మీద పడుకోబెట్టేవాడు.

పార్కిన్సన్స్ అనే వణుకు జబ్బు ఉన్నవాళ్ళు మా దగ్గరికి వచ్చేవాళ్ళు గానీ నిలిచేవాళ్ళు కాదు. పెద్ద డాక్టరు చీటీ మీద "నడక నేర్పించండి" అని రాసేవారు. మేము నాలుగు రోజులు నడిపించేవాళ్ళం. వాళ్ళు బస్సెక్కి ఊరికిపోయేవాళ్ళు. మళ్ళీ కనబడేది ఎక్కడంటే ఎముకల వార్డులో, తుంటి విరిగి. మందులు పనిచేసే జబ్బులో మనం చేసేదేముందిలే అని విభాగంలో అందరికీ ఒక నమ్మకం ఉండేది. మా జూనియర్ అమ్మాయి బెంగళూరులో ఏదో శిక్షణకు వెళ్ళొచ్చి ఆ నమ్మకానికి ఎసరు పెట్టింది.

"మేడం, ఈ జబ్బులో కదలికలన్నీ చిన్నవైపోతాయి. అడుగు చిన్నది, అక్షరం చిన్నది, గొంతు చిన్నది. వాళ్ళకేమో మామూలుగానే చేస్తాండామని అనిపిస్తాది. అందుకే ప్రతిదీ పెద్దగా చేయించాల. అదీ వారం రోజులు కాదు, ఎప్పటికీ" అంది.

అలా మంగళవారం పొద్దున పూట పార్కిన్సన్స్ వాళ్ళకు మాత్రమే ఒక క్లాసు మొదలుపెట్టాం. మొదట్లో పేషెంట్ల కంటే మేమే ఎక్కువమంది ఉండేవాళ్ళం.

తోటాయన వచ్చింది ఆ రోజుల్లోనే. పేర్లు రాయను గనక అలాగే పిలుస్తాను. తెల్ల పంచె, తెల్ల చొక్కా, మెడలో ఎర్రంచు తువ్వాలు. అరవై దాటిన మనిషి, ఒకప్పుడు మాట గట్టిగా చెల్లినవాడని నిలబడే తీరులోనే తెలిసిపోతోంది. ఒక చెయ్యి వణుకుతోంది, దాన్ని తువ్వాలు కింద దాచుకున్నాడు. వెనక ఆయన భార్య. కారిడార్లో బాగానే వచ్చి మా గది తలుపు దగ్గర ఠక్కున ఆగిపోయాడు. కాళ్ళు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోయాయి. ఈ జబ్బులో అది మామూలే. తలుపులు, ఇరుకు దారులు, మలుపులు వచ్చేసరికి అడుగు పడదు. ఒళ్ళు ముందుకు పోదామంటుంది, కాళ్ళు మాట వినవు.

మా అటెండరు సాయం చేద్దామని గబగబా పోయి ఆయన చెయ్యి పట్టుకుని "రా పెద్దయ్యా" అంటూ లాగాడు. లాగితే ఒళ్ళు వచ్చింది, కాళ్ళు రాలేదు. ఆయన ముందుకు పడి రెండు మోకాళ్ళ మీద నిలిచాడు. పంచె మీద నెత్తుటి మరక. గదిలో ఉన్నవాళ్ళందరూ లేచారు. ఆయన ఎవరి మొహమూ చూడలేదు. లేపి కూర్చోబెట్టి మందు రాస్తుంటే గోడకేసి చూస్తూ భార్యతో ఒకటే మాటన్నాడు.

"పోదాం పా."

వెళ్ళిపోయారు. మా అటెండరు ఆ రోజు అన్నం తినలేదు.

మధ్యాహ్నం పెద్ద డాక్టరు నన్ను పిలిపించారు. ఆయన చెడ్డవాడు కాదు. రోజుకు వందలమందిని చూసి, తుంటి విరిగినవాళ్ళ కష్టం దగ్గరుండి చూసి, భయం అలవాటైన మనిషి. "ఆయనకు చక్రాల కుర్చీ రాసిస్తాను. కూర్చోబెట్టి చేతులకు, మెడకు ఏదైనా చేయించండి. నడిపిస్తాం, పరిగెత్తిస్తాం అని ఆశ పెట్టొద్దు. తుంటి విరిగితే జవాబు ఎవరు చెప్తారు?" అన్నారు.

"నేనే చెప్తాను సార్" అన్నాను. అంత ధైర్యం నాకు ఎక్కడిదో తెలియదు. బహుశా రిటైర్మెంటు దగ్గర పడినందువల్ల కావచ్చు.

మరుసటి మంగళవారం ఆయన రాలేదు. ఆయన భార్య ఒక్కతే వచ్చింది. ఆమె కోపంగా వచ్చిందనుకున్నాను. కాదు, అర్థంకాక వచ్చింది.

"మేడమ్మా, ఒక సంగతి అడగాలని వచ్చినా. ఇంట్లో ఆయప్ప బాగానే తిరుగుతాడు. ఈ ఆసుపత్రికి వస్తేనే కాళ్ళు నిలబడిపోతాయి. భయపడతాండాడా, ఇంకేమన్నానా?"

"ఇంట్లో నేల ఎట్లుంటుందమ్మా?"

"నేలేముంది, నాపబండలు. మా పక్క అందరిండ్లలో అవే కదా."

నేనూ మా జూనియరూ మొహమొహాలు చూసుకున్నాం. మా గదికి అంతకుముందు ఏడాదే అద్దంలాంటి తెల్ల టైల్సు వేశారు. అతుకు కూడా కనబడదు. ఆమె ఇంట్లో బండకూ బండకూ మధ్య సందు గీతలాగా కనబడుతుంది. ఆగిపోయే కాలికి దాటడానికి ఒక గీత కనబడితే అడుగు పడుతుందని మేము పుస్తకంలో చదివిందే. ఆయన కాళ్ళు ఆ పని ఇంట్లో తమంతట తామే చేసుకుంటున్నాయి.

ఆ సాయంత్రమే ఎర్ర టేపు తెచ్చి, తలుపు బయటినుంచి గది చివరదాకా అడుగు అడుగుకూ అడ్డగీతలు అంటించాం. టేపు అంటించింది మా అటెండరే. ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు. తోటాయన భార్యకు ఫోను చేసి, "మీ ఇంటి బండలు ఇక్కడ పరిచామని చెప్పమ్మా" అన్నాను.

వచ్చాడు. తలుపు బయట నిలబడి గీతలకేసి చాలాసేపు చూశాడు. ఈ జబ్బులో మొహం కండరాలు కూడా బిగుసుకుపోతాయి, నవ్వు వచ్చినా పైకి కనబడదు. గొంతులో మాత్రం వినబడింది.

"ఇవేనా మా బండలు?"

అని మొదటి గీత దాటాడు. రెండోది దాటాడు. తలుపు దాటి లోపలికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఎవరూ చెయ్యి వెయ్యలేదు. మా అటెండరు చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, పెదవి కొరుక్కుంటూ చూస్తున్నాడు. పిల్లలూ, మన పనిలో చాలా కష్టమైన సంగతి ఇదే. చెయ్యి అందించాలని ఒళ్ళంతా ఉరకలేస్తుంటే అందించకుండా నిలబడడం.

క్లాసులో ఆయనతోపాటు ఇంకొకామె ఉండేది. బనగానపల్లెలోనే స్టీలు సామాన్ల అంగడి వాళ్ళది. మేమందరం ఆమెను అంగడమ్మ అనేవాళ్ళం. పెళ్ళయి వచ్చినప్పటినుంచి భర్తతో సమానంగా అంగట్లో కూర్చుని బేరం చేసిన మనిషి. జబ్బు ఆమెకు కాళ్ళలో కంటే గొంతులో ఎక్కువగా దిగింది. మాట గుసగుస అయిపోయింది. మొహంలో కదలిక పోయింది. కొనేవాళ్ళు రెండు మూడుసార్లు అడిగి, వినబడక, "ఈమెకు పొగరెక్కింది, జవాబు కూడా చెప్పదు" అనుకుంటూ పోయేవాళ్ళట. ఆ మాట ఒకరోజు ఆమె చెవినే పడింది. ఆ సాయంత్రం అంగడి పైనున్న ఇంటికి మేడెక్కిన మనిషి మళ్ళీ అంగట్లోకి దిగలేదు.

గొంతు నేర్పే నిపుణులు మా ఆసుపత్రిలో లేరు. జూనియర్ అమ్మాయీ నేనూ నేర్చుకుని మొదలుపెట్టాం. అందులో మొదటి పాఠం, ఊపిరి నిండా పీల్చి "ఆ" అని ఎంత గట్టిగా అనగలిగితే అంత గట్టిగా అనడం. అంగడమ్మ "ఆ" అంటే నాకే వినబడలేదు. తలొంచుకుంది. మగవాళ్ళ ఎదుట, తెలియనివాళ్ళ ఎదుట అరవడమంటే ఆమెకు ప్రాణం పోయినంత పని.

"అంగట్లో ఎప్పుడూ గట్టిగా అరవలేదా అమ్మా?" అని అడిగాను.

"అరుస్తాంటి. నిచ్చెన మీదుండే పనివాడికి."

"ఏమని?"

ఆమె చెప్పబోయి ఆగింది. కళ్ళు ఒక్కసారి మెరిసినట్టయింది. ఊపిరి పీల్చుకుంది.

"పై వరస బిందె దించప్పా!"

గది దద్దరిల్లింది. కమ్మీల మధ్య నడుస్తున్నతను ఆగిపోయాడు. పక్క గదిలోంచి నర్సు పరిగెత్తుకొచ్చి "ఏమైంది, ఎవరన్నా పడినారా?" అంది. అంగడమ్మ తన గొంతుకు తనే బెదిరి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బెంచీ మీదున్న తోటాయన నిదానంగా అన్నాడు:

"దించినాంలే తల్లీ, ఇంగేం గావాల?"

ఆ రోజు ఎవరూ సరిగ్గా వ్యాయామం చేయలేదు. నవ్వుతూనే ఉన్నాం.

వాళ్ళిద్దరినీ జత చేయడం నా ఆలోచన కాదు, దానంతట అదే జరిగింది. ఒకరోజు తోటాయన గది మలుపులో ఆగిపోయాడు. గీతలు లేని చోటు. నేను నోరు తెరిచేలోపు అంగడమ్మ వెనకనుంచి "ఒకటీ!" అని కేకేసింది. ఆయన కాలు లేచింది. "రెండూ!" రెండో కాలు లేచింది. బయటినుంచి లయగా చప్పుడు వినబడితే కదలని కాలు కదులుతుందని మనకు తెలుసు. చప్పట్లు కొట్టేవాళ్ళం, టిక్ టిక్‌మని లయ కొట్టే మిషను పెట్టేవాళ్ళం. కానీ అంగడమ్మ కేకకు లేచినట్టు ఆయన కాలు దేనికీ లేవలేదు. ఆయన అడుగు కోసం కేకెయ్యాల్సి వచ్చేసరికి ఆమె గొంతు కూడా వారం వారం గట్టిపడింది. ఒకే కారులో వచ్చిపోవడం మొదలుపెట్టారు. మిగతా రోజుల్లో అంగడి మేడ మీద, నాపబండల హాల్లో, ఇద్దరూ వాళ్ళవాళ్ళ ఇంటివాళ్ళను కూర్చోబెట్టుకుని సాధన చేసేవాళ్ళు. కుర్చీలోంచి చేతులు ముందుకు చాచి లేవడం. తిరిగేటప్పుడు ఉన్నచోటే గిర్రున తిరగకుండా ఎద్దులబండి మళ్ళినట్టు వెడల్పుగా తిరగడం. కింద పడితే పక్కకు దొర్లి, మోకాలి మీదికి వచ్చి, కుర్చీ పట్టుకుని లేవడం. అంగడమ్మ ఆయన్ను "అన్నా" అనేది, ఆయన ఆమెను "చెల్లెమ్మా" అనేవాడు.

ఎండలు మొదలయ్యాయి. ఒక శనివారం తోటాయన భార్య ఫోను చేసింది.

"మేడమ్మా, రేపు కాపు మాట్లాడుకునేకి వ్యాపారులు వస్తాండారు. ఆయప్ప వాళ్ళతో పాటు తోటంతా నడుస్తానంటాండాడు. మా మరిది నేను చూపిస్తాలే అంటే వినడు. మీరన్నా ఒకమాట చెప్పి ఆపండి."

మామిడి సంగతి తెలియనివాళ్ళ కోసం చెబుతాను. కాయ నిమ్మకాయంత కాగానే వ్యాపారులు వచ్చి, చెట్టు చెట్టూ చూసి, ఆ ఏటి కాపుకు ధర మాట్లాడుకుంటారు. ఏ చెట్టు ఎంత నిలుపుతుందో, ఏది రాల్చేస్తుందో తోటాయన దగ్గరుండి చెబుతాడు. ఆ రోజు తోట మధ్య నడిచినవాడే తోటకు పెద్ద. కిందటేడు జబ్బు సంగతి బయటపడకుండా "మోకాలు నొప్పి" అని చెప్పి ఆయన ఇంట్లోనే ఉండిపోయాడు. తమ్ముడే తిప్పి చూపించాడు. తమ్ముడు మంచివాడే. అయినా కిందటేడు ఇంట్లో కూర్చున్నట్టు ఈ ఏడు కూడా కూర్చుంటే, ఆ తర్వాత ఎప్పుడూ కూర్చోవడమేనని ఆయనకు తెలుసు.

ఆదివారం పొద్దున ఆపడానికే బయలుదేరాను, నిజం చెప్పాలంటే. పెద్ద డాక్టరు అన్న మాట చెవిలో ఉంది. చదునైన గదిలో నడవడం వేరు, దుక్కి దున్నిన నేల మీద నడవడం వేరు. దారి తెలియక బనగానపల్లెలో అంగడి దగ్గర ఆగాను. అంగడమ్మ కింద కౌంటరులో కూర్చుని ఉంది! నన్ను చూసి, విషయం విని, "నేనూ వస్తా" అని లేచింది. ఆమె భర్త అంగడి పనివాళ్ళకు అప్పజెప్పి మాతో వచ్చాడు.

ఇంటికి పోయేసరికి తోటాయన ఇస్త్రీ పంచెలో తయారై కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే అర్థమైపోయింది.

"నన్ను ఆపేకి వచ్చినావా తల్లీ?"

ఆయనే మళ్ళీ అన్నాడు.

"ఇన్ని దినాలు పెద్ద అడుగు, పెద్ద అడుగు అని నేర్పిస్తివి కదా. యాటికి పోయేకి నేర్పిస్తివి? ఆ గదిలో ఈ గోడకాడినుంచి ఆ గోడకాడికి పోయేకా?"

"గోలి వేళ చూసుకుని నడుద్దాం" అన్నాను. మందు గోలి వేసుకున్న కాసేపటికి ఒళ్ళు సులువవుతుంది. తర్వాతి గోలి వేళ దగ్గర పడేకొద్దీ మళ్ళీ బిగుసుకుంటుంది. వ్యాపారులు వచ్చే వేళకు సరిపోయేట్టు ఆయన ముందే గోలి వేసుకుని ఉన్నాడు. అయితే వాళ్ళ జీపు దారిలో చెడిపోయింది. వాళ్ళు వచ్చేసరికి సులువైన వేళ కాస్తా జారిపోతోంది. తువ్వాలు కింద చెయ్యి వణకడం మొదలైంది.

తోటకు ట్రాక్టరు పోయే పెద్ద గేటు అవతల పక్క ఎక్కడో ఉంది. ఇంటివైపు దారికి మాత్రం పశువులు దూరకుండా రెండు రాతి కూసాలు పాతి, మధ్యలో మనిషి పట్టేంత సందు వదిలారు. కింద అడ్డంగా ఒక రాయి. ఇలాంటిదొకటి ఉందని నాకెవరూ చెప్పలేదు. మా ఆసుపత్రిలో పోటీ పెట్టి కట్టినా ఇంత సరిగ్గా కాలును ఆపే దారి కట్టలేం.

ముందు వ్యాపారులు దాటారు. వాళ్ళలో పెద్దాయన, తెల్ల గడ్డం సాయిబు, వీళ్ళ తోటకు ఎప్పటినుంచో వస్తున్నవాడట. తర్వాత తమ్ముడు దాటాడు. తోటాయన కూసాల దగ్గరికి వచ్చి ఆగిపోయాడు.

లోపలికి పోయినవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. కాళ్ళు నేలమీద సన్నగా అదురుతున్నాయి, లేవడం లేదు. ఒళ్ళు ముందుకు వాలుతోంది. తమ్ముడు గబగబా వెనక్కి వచ్చి చెయ్యి చాచాడు.

"నువ్వు ఈడనే కూచో అన్నా. నేను తిప్పి చూపిస్తాలే."

"పట్టుకోవద్దు!" అన్నాను. నా గొంతు నాకే కటువుగా వినిపించింది. తమ్ముడు చెయ్యి గాల్లోనే ఆగింది. నేను ఆయన పక్కనే ఉన్నాను, పడితే పట్టుకునేంత దగ్గర్లో. అంతకుమించి ఏమీ చేయలేదు. ఆయన భార్య కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఏమైంది పెద్దాయనా? మళ్ళీ మోకాలా?" అని సాయిబు అడిగాడు.

అవునంటే సరిపోయేది. అందరూ నమ్మేవాళ్ళు. తోటాయన తువ్వాలు భుజం మీదికి వేసుకుని, వణికే చెయ్యి బయటికి తీశాడు.

"మోకాలు కాదు సాయిబూ. కిందటేడు చెప్పింది అబద్ధం. నాది వణుకు జబ్బు, పార్కిన్సన్ అంటారు. ఒక్కోసారి కాలు నా మాట వినదు. మతి బాగానే ఉండాది, చెట్ల లెక్క బాగానే ఉండాది. కొంచెం తాళండి, వస్తా." తల తిప్పకుండానే గొంతు పెంచి అన్నాడు, "చెల్లెమ్మా, కేకెయ్యి."

అంగడమ్మ ఒక్క అడుగు ముందుకు వచ్చింది. కూలివాళ్ళు, వ్యాపారులు, ఇంటివాళ్ళు అందరూ ఉన్నారు. ఆమె భర్త ఆమెకేసి చూస్తున్నాడు. ఆమె ఎవరినీ చూడలేదు. ఊపిరి పీల్చింది.

"పక్కకు ఊగన్నా! ఊగు! ఊగు! ఇంగ ఎత్తు... ఒకటీ!"

ఆయన అటూ ఇటూ ఊగి, బరువు ఒక కాలిమీదికి తెచ్చుకుని, రెండో కాలు రాయి మీదుగా ఎత్తి అవతల వేశాడు. "రెండూ!" రెండో కాలు దాటింది. కూసాలు దాటి తోటలో నిలబడ్డాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అలాంటి చోట కొట్టరు. సాయిబు మాత్రం ఒక అడుగు పక్కకు తప్పుకుని, దారి చూపిస్తున్నట్టు చెయ్యి ముందుకు చాచాడు. "నడువు పెద్దాయనా, నీ తోట."

నడిచాడు. అంగడమ్మ కొంతదూరం లెక్క చెప్పింది, తర్వాత ఆపేసింది, ఆయన నడుస్తూనే ఉన్నాడు. మొదటి చెట్టుకాడికి పోయి కొమ్మలకేసి చూసి "ఇది పూత బాగా పట్టినా నిలపదు, నమ్మొద్దు" అని చెప్పాడు. ఇంకో చెట్టు దగ్గర "ఇది సగం కాయలే చూపిస్తాది, ఆకుల్లో దాచుకుంటాది" అన్నాడు. దుక్కి చాళ్ళు ఆయనకు గీతల్లాగా పనికొచ్చాయి. నేను భయపడిందే ఆయనకు సాయమైంది. మధ్యలో గోలి వేసుకుని చెట్టు నీడన కూర్చున్నాడు, లేచాడు, మళ్ళీ నడిచాడు. వరస చివర చెట్టు దగ్గర మేము నేర్పినట్టే వెడల్పుగా, ఎద్దులబండి మళ్ళినట్టు తిరిగాడు. ఆ మలుపు చూసి నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. సర్టిఫికెట్లు, సన్మానాలు నాకూ కొన్ని వచ్చాయి. వాటిలో ఏదీ ఆ మలుపుకు సమానం కాదు.

కాపు ఎంతకు కుదిరిందో నేను అడగలేదు. తిరిగి వస్తుంటే సాయిబు నా పక్కన నడుస్తూ మెల్లిగా అడిగాడు.

"అమ్మా, మా ఇంట్లో మా అన్న ఉండాడు. టైలరు పని చేసేవాడు. అచ్చం ఇట్లనే, కాళ్ళు నిలబడిపోతాయి. పడతాడని మేమే మంచం మీద పెట్టేసినాం. నడవొద్దని చెప్తాంటాం. తప్పు చేస్తాండామా?"

"మంగళవారం తీసుకురండి" అన్నాను.

ఆ తర్వాత జరిగినవి క్లుప్తంగా చెబుతాను. తోటాయన ఇంకా రెండు కాపులు అలాగే నడిచి చూపించాడు. ఆ తర్వాత జబ్బు ముందుకు పోయింది, తోటలోకి చక్రాల కుర్చీలో పోతున్నాడు. అయినా పొద్దున పూట భార్య పక్కన ఉండగా బండల మీద నడవడం మానలేదు. ఇప్పటిదాకా తుంటి విరగలేదు. అంగడమ్మ అంగట్లోనే ఉంది. పెద్ద డాక్టరు మమ్మల్ని ఎప్పుడూ మెచ్చుకోలేదు. తన చీటీల మీద మందుల పేర్లకంటే పైన "మంగళవారం క్లాసు, తప్పనిసరి" అని రాయడం మొదలుపెట్టారు, అంతే. నేను రిటైరయ్యే నాటికి ఆ గది చాలక వరండాలోకి కూడా గీతలు పరుచుకున్నాం. ఇప్పుడా క్లాసు మా కడప పిల్ల నడుపుతోంది, నాకంటే బాగా.

వీటన్నిటిలోనూ నేను ఎక్కువగా తలుచుకునేది తోటలో నడిచిన తర్వాత వచ్చిన మంగళవారాన్ని. సాయిబు నేను చెప్పినట్టే వాళ్ళ అన్నను తీసుకొచ్చాడు. బక్కపలచని మనిషి, తలమీద టోపీ, కళ్ళనిండా భయం. చాలా కాలం తర్వాత ఇల్లు దాటి వచ్చాడట. మా గది తలుపు దగ్గర, గీతలున్నా, ఆగిపోయాడు. నేను లేచేలోపే కుర్చీలోంచి తోటాయన చేతులు ముందుకు చాచి లేచాడు. నడుచుకుంటూ పోయి తలుపుకు లోపలి పక్క ఆయనకు ఎదురుగా నిలబడ్డాడు.

"కిందికి సూడొద్దప్పా. నన్ను సూడు. తొందరేం లేదు, మేమంతా ఈడనే ఉంటాం. పక్కకు ఊగు. ఆఁ, అట్ల. ఇంగ పెద్దగా ఎయ్యి అడుగు."

టైలరు పెద్దాయన అడుగు వేశాడు. ఇంకొకటి వేశాడు. లోపలికి వచ్చి ఊపిరి పీల్చుకుని, ఎదురుగా ఉన్న తెల్లబట్టల మనిషికి వణికే చెయ్యి నుదుటిదాకా ఎత్తాడు.

"సలాం, డాక్టర్ సాబ్."

గదిలో అందరం తోటాయనకేసి చూశాం. ఆయన "నేను డాక్టర్ని కాదు" అనలేదు. పక్కన కుర్చీ చూపించి, తనూ కూర్చుని, క్లాసుకు ఎవరొచ్చినా నేను అడిగే మొదటి ప్రశ్న తనే అడిగాడు.

"పొద్దున గోలి ఎన్ని గంటలకు ఏసుకుంటివప్పా?"

ఆ పిలుపును నేనూ దిద్దలేదు.